ఏనుగు దుడ్లు దొరికిన చోటు

1976 జూన్‌లో నన్ను తమిళనాడులోని తళి పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. పేరు పెద్దదిగా వినిపిస్తుంది గానీ పశువైద్యశాఖలో డాక్టర్లకు అది మొదటి మెట్టు. అప్పట్లో హోసూరు, కృష్ణగిరి రెండూ ధర్మపురి జిల్లాలోనే ఉండేవి. మా పై అధికారి అయిన అసిస్టెంట్ డైరెక్టరు కృష్ణగిరిలో కూర్చునేవారు. తళి వైద్యశాలలో నేను, రంగసామి అనే కాంపౌండరు, ఒక అటెండరు. మూడు గదుల పెంకుటిల్లు, ఒక మైక్రోస్కోపు, పశువులను నిలబెట్టి కట్టడానికి ముందర ఒక కొయ్య చట్రం, ఇవీ మా ఆస్తులు. ముప్ఫై పైచిలుకు పల్లెలకు సైకిలు మీదా, బస్సుల మీదా తిరిగేవాణ్ణి. వైద్యశాల వెనకే అద్దెయిల్లు. నా భార్య, చిన్నపిల్ల అయిన మా అమ్మాయి నాతో ఉండేవారు.

నాణేలు ఏరడం నాకు ఆ ఊళ్ళోనే అలవాటైంది. ఒకసారి ఒక రైతు ఆవు ఈనలేక రెండు రోజులు కష్టపడితే, దూడను తిప్పి బయటికి తీశాను. మరుసటి సంతరోజున ఆ రైతు ఒక రాగి కాసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దుక్కిలో దొరికిందట. ఒక వైపు ఏనుగు, రెండో వైపు పార్శీ అక్షరాలు. మైసూరు సుల్తానుల కాలం నాటిది. ఆ సీమలో వాటిని ఏనుగు దుడ్లు అంటారు. నన్ను పట్టుకున్నది ఆ ఏనుగు నడక. నడిచేటప్పుడు ఏనుగు ఒక పక్క వెనక కాలు వేసిన వెంటనే అదే పక్క ముందు కాలు వేస్తుంది. ఆ అచ్చు చెక్కినవాడు ఏనుగును నిజంగా చూసి చెక్కాడని పశువైద్యుడిగా నాకు అర్థమైంది.

నాణేలు దాచేవాళ్ళందరూ ఒకే రకం మనుషులని బయటివాళ్ళు అనుకుంటారు. అది నిజం కాదు. హోసూరు బస్టాండు దగ్గర ఇత్తడి సామాను అంగడి పెట్టుకున్న నంజుండ శెట్టి గారు రాగి పావు అణాలు మాత్రమే దాచేవారు, ఏడాదికి ఒకటి చొప్పున. వాళ్ళ నాన్న అంగడి గల్లాలో చిన్నప్పుడు ఆయన చేతులతో తాకినవి అవే. కృష్ణగిరిలో ఒక మామిడికాయల మండీ యజమాని వెండి రూపాయలు దాచేవాడు, అదీ రాజు ముఖం ఏమాత్రం అరగనివి మాత్రమే. ఎవరి చేతిలోనూ ఖర్చు కాని రూపాయి తన దగ్గర ఉందన్నది ఆయన సంతోషం. ఒకరికి మనుషులు తాకినది కావాలి, ఇంకొకరికి ఎవరూ తాకనిది కావాలి.

శెట్టిగారే నన్ను మొదట సరిదిద్దారు. దొరికిన ప్రతి కాసూ కొంటున్నానని తెలిసి, "ఇట్ల అన్నీ కావల్లంటే మీ దగ్గర ఏమీ నిలబడదు సామీ. ఏదో ఒకటి పట్టుకోండి. ఎందుకు పట్టుకున్నారని ఎవరన్నా అడిగితే చెప్పే మాదిరి ఉండల్ల," అన్నారు. నేను జంతువులున్న కాసులు పట్టుకున్నాను. ఏనుగు, వరాహం, నంది, చేప. వాటిలోనూ నేలలోంచి వచ్చినవే నాకు ఇష్టం. ఏళ్ళ తరబడి మట్టిలో పడివున్న రాగి మీద పచ్చని పొర ఒకటి కడుతుంది. చింతపండుతో తోమితే అది పోతుంది, దానితో పాటు కాసు విలువా పోతుంది. అందువల్ల తెచ్చేవాళ్ళకు ఒక మాట గట్టిగా చెప్పేవాణ్ణి: కడగవద్దు, తోమవద్దు, మట్టితోనే తెండి.

ఆ మాట మునెప్పకూ చెప్పాను.

మునెప్ప తళికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లెలో గొర్రెలు కాచుకునేవాడు. ఆ పల్లె పేరు రాయడం లేదు, ఆ కుటుంబం ఇంకా అక్కడే ఉంది. ముప్ఫై ఐదేళ్ళవాడు, సన్నగా పొడవుగా ఉండేవాడు, మాట తక్కువ. ఇంట్లో భార్య, తల్లి తిమ్మక్క. నలభై దాకా గొర్రెలు, రెండు ఆవులు, ఎకరమున్నర మెట్ట చేను. 1977లో అతని మందకు గాలికుంటు వస్తే పది రోజుల పాటు పోయి మందు వేశాను. రెండు గొర్రెపిల్లలు తప్ప మంద నిలబడింది. ఆ తర్వాత ఒకరోజు ఏనుగు దుడ్డు ఒకటి తెచ్చాడు. చేను గట్టు వానకు కోసుకుపోయిన చోట దొరికిందన్నాడు. రెండు రూపాయలిస్తే పుచ్చుకోవడానికి ఇష్టపడలేదు. బలవంతంగా ఇచ్చి, "ఇంకా ఏమైనా ఉంటే చూడు మునెప్పా. ఇలాంటివి నాకు బాగా కావాలి," అన్నాను. మట్టి సంగతి కూడా చెప్పాను.

"కావల్లంటే చూస్తాను సామీ," అన్నాడు.

1978 వేసవి చివర ఒకరోజు అతను వైద్యశాలకు వచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పంచె కొంగు ముడి విప్పాడు. మట్టిపెళ్ళల మధ్య పదకొండు కాసులు. మూడింటి మీద ఏనుగు స్పష్టంగా ఉంది. ఒకదాని మీద ఏనుగు వీపున జెండా. అలాంటిది నేను చూడటం అదే మొదలు. ఎక్కడ దొరికాయని అడిగాను. "ఆడనే సామీ, గట్టు కాడ. కొంచెం తవ్వితిని," అన్నాడు. ఎంత తవ్వాడో నేను అడగలేదు. జెండా ఉన్న ఏనుగునే చూస్తున్నాను. ఆ పొద్దే వాటిని ఇంటికి తీసుకుపోయి, కిటికీ పక్క బల్ల మీద ఒక పాత పేపరు పరిచి ఆరబెట్టాను.

నాలుగు రోజులకు వేసవి వాన పడింది. అది పడ్డ వారానికి మునెప్ప ఉదయాన్నే పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక ఆవు, రెండు గొర్రెలు చచ్చిపోయాయి. ముందు రోజు సాయంత్రం మేత మేసిన ఆవు, తెల్లవారేసరికి పొట్ట ఉబ్బి పడివుందట. ముక్కులోంచి రక్తం వచ్చిందన్నాడు.

పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచీ మలద్వారంలోంచీ నల్లని రక్తం కారి, ఆ రక్తం గడ్డకట్టకపోతే మా శాఖలో మొదట అనుమానించేది ఒకే జబ్బు. ఆంత్రాక్స్. తెలుగులో దొమ్మ అంటారు, ఆ పక్క తమిళులు అడైప్పాన్ అంటారు. పశువుల నుంచి మనుషులకు వస్తుంది. అలా చచ్చిన పశువును కోయకూడదు. కోస్తే రక్తంలోని క్రిమికి గాలి తగిలి, అది గట్టి గింజలాంటి రూపానికి మారుతుంది. ఆ గింజ ఎండకు చావదు, మామూలుగా కాచిన నీళ్ళకు కూడా అంత సులువుగా చావదు. మట్టిలో నలభై యాభై ఏళ్ళు కూడా ఊరికే పడి ఉండగలదు.

"కోసినారా?" అని అడిగాను.

"ఆవును కోయలేదప్పా. ఒక గొర్రెకు తోలు తీసినాను. లోపల నెత్తురు తారు మాదిరి ఉండె. అమ్మ తినొద్దనె. ఎవరూ తినలేదు."

రంగసామిని వెంటబెట్టుకుని పోయాను. రబ్బరు తొడుగులు ఒకే జత ఉంటే నేను వేసుకున్నాను. కోయకుండా జబ్బు తేల్చుకోవడానికి చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం తీసి గాజుపలక మీద పూస్తాం. అది చేసి, సూది గుచ్చిన చోటును మందులో ముంచిన దూదితో మూసి కట్టాను. తోలు గోడ మీద ఆరబెట్టి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. ఊరివాళ్ళు ఇరవై మంది దాకా దూరంగా నిలబడి చూస్తున్నారు. ఎవరూ దగ్గరికి రాలేదు. నేల సొత్తు ముట్టుకున్నాడు, అందుకే ఇంటి మీదికి వచ్చిందని ఒకామె అనడం నాకు వినిపించింది. అంటే తవ్విన సంగతి ఊరికి తెలిసిపోయింది.

పశువులు ఎక్కడ మేశాయో చూపించమన్నాను. మునెప్ప నన్ను చేను గట్టు కాడికి తీసుకుపోయాడు. వెనక అతని తల్లి తిమ్మక్క కర్ర పట్టుకుని వచ్చింది.

కొంచెం తవ్వానన్నాడు గదా, అక్కడ మనిషి నడుము లోతున, రెండు బండ్లు పట్టేంత గుంత ఉంది. తవ్విపోసిన ఎర్రమట్టి వానకు కరిగి కిందికి జారింది. ఆ మట్టి మీద లేత గడ్డి మొలిచింది. గుంత అంచున తెల్లగా ఏదో కనబడితే వంగి చూశాను. పశువు దవడ ఎముక. దాని పక్కన ఇంకొకటి.

తిమ్మక్క గుంతను చూసి ఆగిపోయింది. ఆమె అంతకు ముందు దాన్ని చూడలేదు. కొడుకు గొర్రెలు మేపే నెపంతో రోజుకింత తవ్వి, ఇంట్లో చెప్పలేదు.

"ఓరి పాపిష్టోడా, ఈడనా తవ్వింది?" అని అరిచింది. తర్వాత నా వైపు తిరిగి, "మా మామ కాలంలో దొమ్మ వచ్చె సామీ. నేను కొత్తగా కాపరానికి వచ్చిన ఏడు. ఊళ్ళో గొడ్లన్నీ పోయె. ఈడనే పూడ్సిరి. ఇద్దరు మనుషులూ పోయిరి. ఈ పక్కకు గొర్రెలను తోలొద్దని మా అత్త చెప్పతా ఉండె. వానికి నేను చెప్పలేదు, యాభై ఏండ్లాయె గదా అని మర్చిపోయినాను," అంది.

మునెప్ప తలెత్తి నా మొహం చూశాడు. నేనూ అతన్ని చూశాను. ఎందుకు తవ్వావని నేను అడగలేదు, ఎవరి కోసమని అతను చెప్పలేదు. మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఎండలోనే సైకిలు తొక్కుకుంటూ వైద్యశాలకు తిరిగి వచ్చాను. గాజుపలకకు నీలిరంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. వెదురు గణుపుల్లాగా చివరలు చదునుగా ఉన్న నీలి కడ్డీలు, చుట్టూ గులాబిరంగు పొర. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలాగే ఉంది. రంగసామిని చూడమన్నాను. అతను కన్ను తీసి, "ఇంకేముంది సార్," అని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

నేను ఇంటికి పరుగెత్తాను. మా అమ్మాయి కిటికీ పక్క నేల మీద కూర్చుని ఆడుకుంటోంది. నాలుగేళ్ళ పిల్ల. ముందర కొబ్బరిచిప్పలో ఆ కాసులు. ఒక్కొక్కటే తీసి వరసగా పేరుస్తోంది. ఒక ఏనుగును నోటి దగ్గర పెట్టుకుని ఊదుతోంది.

దాన్ని ఎత్తుకుని బావి దగ్గరికి పోయాను. సబ్బుతో చేతులు, మొహం, గోళ్ళు రుద్ది రుద్ది కడిగాను. పిల్ల భయపడి ఏడ్చింది. నా భార్య వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను. ఆమె పిల్లను నా చేతుల్లోంచి తీసుకుంది. తర్వాత, "వారం నుంచి వాటితోనే ఆడుకుంటోంది. మీరే గదా తుడవద్దన్నారు," అంది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మనిషికి ఈ జబ్బు చర్మం మీద వస్తే మొదట దోమ కుట్టినట్టు చిన్న పొక్కు వస్తుంది. దురద తప్ప నొప్పి ఉండదు. రెండు మూడు రోజుల్లో నడుమ బొగ్గులా నల్లబడి చుట్టూ వాస్తుంది. ఊపిరితో లోపలికి పోతే మాత్రం చాలామంది బతకరు. ఆ మట్టి ఎండి, దులిపితే పొడిగా రాలింది. దాన్ని దులిపింది నేనే.

బల్లనూ నేలనూ ఫార్మలిన్‌తో కడిగాం. పేపరును కాల్చాను. కాసులను వైద్యశాల వెనక పెరట్లో ఇనుప పళ్ళెంలో పెట్టి, ప్రైమస్ స్టవ్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చాను. రాగి పొరలు పొరలుగా ఊడింది. చల్లారాక చూస్తే నల్లటి బిళ్ళలు పదకొండు. ఏది ఏనుగో, ఏది అక్షరమో తెలియలేదు. సిగ్గు లేకుండా ఒప్పుకోవాలి, ఆ స్థితిలో కూడా జెండా ఏనుగు పోయిందే అని ఒక క్షణం అనిపించింది.

మిగిలిన పనులు నియమం ప్రకారం చేశాం. చచ్చిన పశువులనూ తోలునూ ఆరడుగుల గుంతలో సున్నంతో పూడ్చాం. రక్తం పడ్డ మట్టిని కూడా తవ్వి అందులో వేశాం. ఆ చుట్టుపక్కల పల్లెల్లో జ్వరం లేని పశువులకు టీకా వెయ్యడానికి మందు పంపమని తంతి ఇచ్చాను. ఆ వారం తళి సంతకు పశువులను రానివ్వకుండా పంచాయతీ వాళ్ళతో చాటింపు వేయించాను. పైకి అన్నీ సక్రమంగా జరిగాయి. కానీ ఇలాంటి జబ్బు వచ్చినప్పుడు జిల్లాకు పంపే రిపోర్టులో 'వ్యాధి మూలం' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో 'తెలియదు' అని రాశాను.

అలా రాయడానికి భయమే కారణం. ప్రభుత్వోద్యోగి డ్యూటీలో పోయిన ఊళ్ళో రైతు దగ్గర పాత నాణేలు కొనడం, అతన్ని తవ్వమని ప్రోత్సహించడం, రెండూ ఉద్యోగానికి ముప్పే. పైగా నేలలో దొరికిన పాత సొత్తును కలెక్టరుకు తెలియజేయాలని చట్టం ఉంది. ఆ చట్టం కింద మునెప్ప మీద కూడా కేసు రావచ్చు. అతన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను నేను కాపాడుకుంటున్నాను.

మూడో రోజు పొద్దున టీకాల కోసం ఆ పల్లెకు పోతే మునెప్ప కనిపించలేదు. ఇంటి లోపల చీకట్లో పడుకుని ఉన్నాడు. కంబళి కింద దాచిన కుడిచేతిని తిమ్మక్క బయటికి లాగింది. మోచేతి కింద పావలా బిళ్ళంత నల్లటి పుండు. చుట్టూ నీటిపొక్కులు. చెయ్యి భుజం దాకా వాచి బరువెక్కి ఉంది. నొప్పి లేదన్నాడు. నొప్పి లేదన్న మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఆస్పత్రికి పోదాం, లే," అన్నాను.

"వద్దు సామీ. ఇది ఊసికి పోయేది కాదంట. నేల సొత్తు ముట్టినందుకు వచ్చిండేది. పూజారప్ప చెప్పినాడు."

"నేల సొత్తు కాదు మునెప్పా. ఆ గుంతలో పూడ్చిన గొడ్ల జబ్బు ఇది. దీనికి సూదిమందుంది. ఆలస్యమైతే ఉండదు."

అతను గోడ వైపు తిరిగాడు. అప్పుడు తిమ్మక్క నన్ను అడిగింది, "మీరూ ముట్టినారు గదా సామీ ఆ దుడ్లను? మీకు రాలేదే?"

నాకు వస్తుందో రాదో నాకే తెలియదు. అప్పటికి నా బొటనవేలి మీద ఒక ఎర్రటి పొక్కు ఉంది. రెండు రోజులుగా గంటకొకసారి దాన్ని చూసుకుంటున్నాను. దాన్ని ఆమెకు చూపించి, "నాకూ వచ్చివుండచ్చు అమ్మా. నేనూ ఊసి వేయించుకోవాలి. ఇద్దరం కలిసి పోతాం," అన్నాను. ఆ మాటకు మునెప్ప లేచి కూర్చున్నాడు.

హోసూరు ఆస్పత్రిలో అతనికి మొదటి పెన్సిలిన్ సూది వేసి, వాపు మెడకు పాకకముందే కృష్ణగిరి పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చారు. మామిడికాయల కాలం. కృష్ణగిరి బస్సు గంపలతో, మనుషులతో కిక్కిరిసి ఉంది. మునెప్ప చేతికి తడిగుడ్డ చుట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను అడ్డంగా కూర్చున్నాను. బస్సు కుదిపినప్పుడల్లా నిలబడ్డవాళ్ళు మా మీద వాలుతుంటే భుజంతో ఆపేవాణ్ణి. మనిషి నుంచి మనిషికి ఇది దాదాపు అంటుకోదని చదివాను. చదివినదంతా ఆ బస్సులో నాకు ధైర్యం ఇవ్వలేదు. సగం దారిలో మునెప్పకు ఊపిరి ఆడటం కష్టమైంది. మెడ కింద వాపు కనబడింది.

పెద్దాస్పత్రి డాక్టరు పుండును చూసి, వివరాలు నన్ను అడిగాడు. పశువు నుంచా, మట్టి నుంచా, ఎన్నాళ్ళ కింద, ఇంకా ఎవరెవరు తాకారు? ఆయన ప్రశ్నలకు అబద్ధం చెబితే ఇంకొకరి ప్రాణం పోవచ్చు. అంతా చెప్పాను. కాసుల సంగతి, నేను అడిగిన సంగతి, మా పిల్ల సంగతి. ఆయన నన్ను తప్పుపట్టలేదు. రాసుకుని, పిల్లను ఎల్లుండి లోపల తీసుకొచ్చి చూపించమన్నాడు, నా బొటనవేలును అటూ ఇటూ తిప్పి చూసి ఇది ముల్లు గుచ్చుకున్న పొక్కులా ఉందన్నాడు. అయినా ఒక సూది వేశాడు.

అక్కడి నుంచి నేరుగా మా అసిస్టెంట్ డైరెక్టరు ఆఫీసుకు పోయాను. నా రిపోర్టు అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. ఒక గడి తప్పుగా రాశానని, దిద్దడానికి అనుమతి కావాలని అడిగాను. ఎందుకని ఆయన తమిళంలో అడిగారు. చెప్పాను. పాత పూడ్చివేత స్థలాన్ని తవ్వడం వల్ల వచ్చిందని, తవ్వినది మునెప్ప అయినా తవ్వించినది నేనని.

ఆయన కలం మూత పెట్టారు. గడిలో 'తెలియదు' అని ఉంటే ఏమై ఉండేదో తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. ఆ చోటు చుట్టూ కంచె పడదు, వచ్చే వానకు ఆ గడ్డి మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ ఎవరి ఆవో పోతుంది. రిపోర్టు నా వైపు నెట్టి దిద్దమన్నారు. పది రోజులకు నన్ను సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. ఆ తర్వాత సర్వీసు రిజిస్టరులో మందలింపు పడింది. ఏడాది పాటు ఇంక్రిమెంటు ఆగింది. మునెప్ప మీద కేసు పెట్టలేదు. తహసీల్దారు మనుషులు వచ్చి ఆ గుంతను సున్నంతో పూడ్చి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. అతని ఎకరమున్నరలో అరెకరం దాని కిందికి పోయింది.

ఆ రెండు మూడు వారాల భయం గురించి ఎక్కువ రాయను. మా అమ్మాయి చెంప మీద ఒక ఉదయం ఎర్రటి చుక్క కనబడింది. కృష్ణగిరి ఆస్పత్రికి చేరేదాకా నా భార్య పిల్ల మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. అది దోమకాటే. ఆ తర్వాత కూడా ఎన్నో రోజులు పిల్ల దగ్గితే మేమిద్దరం ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. జబ్బు మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. ఆ కాసుల మట్టిలో క్రిమి లేకపోయి ఉండవచ్చు. మునెప్పకు తవ్వినప్పుడు వచ్చిందా, తోలు తీసినప్పుడు వచ్చిందా అన్నది కూడా తేలలేదు.

మునెప్ప నాలుగు రోజులు చావుబతుకుల్లో ఉన్నాడు. ఐదో రోజు వాపు దిగడం మొదలైంది. వారానికి రెండుసార్లు నేను పోయి చూసి వచ్చేవాణ్ణి. పంతొమ్మిదో రోజున ఇంటికి పంపించారు. చేతి మీద నల్లటి పెచ్చు ఊడి, లోతుగా గుంట పడింది. ఆస్పత్రి మెట్ల మీద బస్సు కోసం కూర్చున్నప్పుడు అతను చాలాసేపు ఏదో అడగాలనుకుని ఆగుతున్నాడని నాకు అర్థమైంది. చచ్చిన ఆవు సంగతి అడుగుతాడనీ, చేను సంగతి అడుగుతాడనీ అనుకున్నాను. ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను.

"సామీ, ఆ దుడ్లు మీకు పనికొచ్చెనా?" అని అడిగాడు.

కాల్చేశానని చెప్పాను. పాపం, అతని మొహం చిన్నబోయింది.

"అయ్యో. మందకు జబ్బొచ్చినప్పుడు మీరు దినామూ వచ్చి ఊసి వేసిరి. దుడ్డు తీసుకోలేదు. నేనేం ఇచ్చుకోగలను? మీకు కావల్లంటిరి గదా అని తవ్వితిని. రెండు నెలలు తవ్వినానప్పా."

ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ జిల్లాలో పనిచేశాను. దొమ్మ ఇంకా రెండు చోట్ల చూశాను. రెండుసార్లూ 'వ్యాధి మూలం' గడిని ముందు నింపి, ఆ తర్వాతే మిగిలిన రిపోర్టు రాశాను. నాణేలు దాచడం మానలేదు. కానీ అంగళ్ళలో, నాణేలు దాచేవాళ్ళ దగ్గర డబ్బిచ్చి కొన్నవి తప్ప పల్లెల్లో ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. నాకు నాణేలంటే ఇష్టమని నా వైద్యం అవసరమైన ఏ మనిషికీ తెలియనివ్వలేదు. మన మీద ఆధారపడినవాడి ముందు మన ఇష్టాన్ని బయటపెడితే, అతను దాన్ని ఇష్టంగా వినడు, ఉత్తరువుగా వింటాడు. నేను అడిగినది ఒక్క మాట. అతను దాన్ని రెండు నెలలు మోశాడు.